గల్లీలు ఖాళీ అవుతున్నాయి.. మరి పిల్లలు క్షేమమేనా?

"మా వాడికి చెడు సావాసాలేం లేవండీ. కాలేజీ నుంచి వస్తాడు, రూమ్‌లోకి వెళ్తాడు. బయట తిరగడం అంటేనే తెలియదు." పెళ్లి దావత్‌లలో తల్లులు కాస్త గర్వంగా చెప్పుకునే మాట ఇది. పక్కన కూర్చున్న ఇంకో తల్లి నిట్టూరుస్తుంది. "అదృష్టవంతులు మీరు. మా వాడు ఇషా నమాజ్ అయ్యి రెండు గంటలైనా ఇల్లు చేరడు."

ఈ ఇద్దరిలో ఎవరు ఎక్కువ దిగులు పడాలి? ఇరవై ఏళ్ల కిందట అడిగితే ఎవరైనా వెంటనే జవాబు చెప్పేవారు. బయట తిరిగే పిల్లవాడి గురించే దిగులు, ఇంట్లో ఉన్నవాడు క్షేమం. ఇప్పుడు ఆ జవాబు అంత సులువు కాదు. ఇంటి గడప దాటని పిల్లవాడు క్షేమంగా ఉన్నట్టే అనుకోవడం మన కాలపు పెద్ద పొరపాటు కావచ్చు. అలా అనడానికి కారణాలు ఉన్నాయి. ముందు అమెరికా లెక్కలు చూద్దాం. టీనేజ్ పిల్లలు ఏం చేస్తున్నారో దశాబ్దాలుగా ఏటేటా అడిగి రాసుకున్న దేశం అది. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఆ బడుల్లోనే చదువుతున్నారు.

తగ్గిన దుడుకుతనం

మిషిగన్ విశ్వవిద్యాలయం 1975 నుంచి ఏటా హైస్కూలు పిల్లలను సర్వే చేస్తోంది. 1997లో 12వ తరగతి పిల్లల్లో సుమారు 75 శాతం మంది గడిచిన ఏడాదిలో మద్యం తాగామని చెప్పారు. 2024లో అలా చెప్పినవారు దాదాపు 42 శాతం. సిగరెట్ల సంగతైతే ఇంకా ఆశ్చర్యం. 1997లో ముగ్గురిలో ఒకరికి మించి గత నెల రోజుల్లో సిగరెట్ తాగినవారే. ఇప్పుడు నూటికి ముగ్గురు కూడా లేరు. మద్యం, గంజాయి, సిగరెట్, వేప్ వీటిలో ఏదీ గత నెలలో ముట్టలేదని చెప్పిన 12వ తరగతి పిల్లలు 2017లో 53 శాతం ఉంటే, 2024లో 67 శాతానికి పెరిగారు.

కరోనా రోజుల్లో బడులు మూతపడి పిల్లలు ఇళ్లలో ఉన్నారు కాబట్టి తగ్గి ఉంటుంది, బడులు తెరిస్తే మళ్లీ మొదలవుతుంది అని పరిశోధకులు ముందు అనుకున్నారు. అలా జరగలేదు. తగ్గింది తగ్గినట్టే ఉంది.

మిగతా లెక్కలూ అదే దారిలో ఉన్నాయి. 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిలు వెయ్యి మందికి 1991లో దాదాపు 62 కాన్పులు జరిగితే, 2022 నాటికి అవి 14 లోపుకు వచ్చాయి. కారు లైసెన్స్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం అమెరికా కుర్రకారుకు ఒక పండగ లాంటిది. అక్కడ 16 ఏళ్ల వయసులో లైసెన్స్ ఉన్నవారు 1983లో 46 శాతం, 2014లో సుమారు 25 శాతం.

మన దేశంలో కూడా ఒక మంచి వార్త ఉంది. 13 నుంచి 15 ఏళ్ల విద్యార్థుల్లో పొగాకు వాడేవారు 2019 జాతీయ సర్వేలో 8.5 శాతం. అంతకు ముందు పదేళ్లతో పోలిస్తే ఇది 42 శాతం తగ్గుదల అని కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించింది. మద్యాన్ని హరామ్‌గా చూసే, పొగాకుకు దూరంగా ఉండమని పిల్లలకు చెప్పే మనకు ఈ వార్తలు సంతోషం కలిగించాల్సినవే. అల్‌హమ్దులిల్లాహ్ అని అక్కడితో ఆగిపోవచ్చు. కానీ కథ అక్కడితో ఆగలేదు.

స్నేహితులు ఎటు పోయారు?

అవే సంవత్సరాల్లో ఇంకో లెక్క కూడా తగ్గుతూ వచ్చింది. అది స్నేహితులతో ముఖాముఖి గడిపే సమయం. కర్ణాటక మూలాలున్న డాక్టర్ వివేక్ మూర్తి అమెరికా సర్జన్ జనరల్‌గా ఉన్నప్పుడు 2023లో ఒంటరితనంపై ఒక హెచ్చరిక విడుదల చేశారు. 15 నుంచి 24 ఏళ్ల వారు స్నేహితులతో స్వయంగా కలిసి గడిపే సమయం 2003లో రోజుకు సుమారు 150 నిమిషాలు ఉండేదని, 2020 నాటికి అది 40 నిమిషాలకు పడిపోయిందని అందులో ఉంది. 2020 కరోనా ఏడాదే, నిజమే. కానీ తగ్గుదల అంతకు చాలా ముందే మొదలైంది. 1980ల చివరి నాటి హైస్కూలు ఆఖరి ఏడాది పిల్లలతో పోలిస్తే, 2016 నాటి పిల్లలు రోజుకు గంట సేపు తక్కువగా మనుషులతో ముఖాముఖి గడుపుతున్నారని మరో అధ్యయనం తేల్చింది.

రోజుకు గంట అంటే ఏడాదికి 365 గంటలు. పదిహేను పగళ్లు, పదిహేను రాత్రులు ఏకధాటిగా స్నేహితులతో కూర్చుంటే ఎంతో అంత. దోస్తుతో గొడవపడి, అలిగి, మళ్లీ కలిసే గంటలు అవి. ఎదుటివాడి మొహం చూసి మనసు గ్రహించడం పిల్లలు నేర్చుకునే గంటలు కూడా అవే.

మరి మనసు ఎలా ఉంది? అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ సర్వేలో, వరుసగా రెండు వారాలకు పైగా దిగులు, నిరాశ వెంటాడాయని చెప్పిన హైస్కూలు పిల్లలు 2013లో 30 శాతం. 2023లో 40 శాతం. అమ్మాయిల్లో అయితే సగం కంటే ఎక్కువ, 53 శాతం. ఇది అమెరికా జబ్బు మాత్రమే అనుకోవడానికి లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన కమిషన్ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం పీడిస్తోంది. వృద్ధులే ఒంటరి అనుకుంటాం కదా, కానీ 13 నుంచి 29 ఏళ్ల వారిలో 17 నుంచి 21 శాతం మంది తాము ఒంటరిగా ఉన్నామని చెబుతున్నారు.

అంటే పిల్లలు తాగడం మానేశారు, పొగ మానేశారు, బండి తోలడం ఆలస్యం చేశారు, దాంతోపాటు ఒకరినొకరు కలవడం కూడా తగ్గించారు. ఈ రెండింటికీ సంబంధం ఉందా?

అంతా ఫోన్ పాపమేనా?

ఇక్కడ తొందరపడకూడదు. అమెరికా ప్రొఫెసర్ జొనాథన్ హైట్ 2024లో రాసిన పుస్తకం ప్రపంచమంతా చర్చకు దారితీసింది. బయటి లోకంలో పిల్లలకు అవసరానికి మించి కాపలా కాస్తున్నాం, ఆన్‌లైన్ లోకంలో అసలు కాపలానే లేకుండా వదిలేస్తున్నాం అన్నది ఆయన వాదన సారాంశం. దీన్ని ఒప్పుకోని పరిశోధకులూ ఉన్నారు. ఫోన్ వల్లే దిగులు పెరిగిందని నిరూపించేంత బలమైన ఆధారాలు లేవని, దిగులుగా ఉన్న పిల్లలే ఎక్కువగా ఫోన్ వైపు వెళ్తుండవచ్చని వారంటారు.

తేదీలు చూసినా విషయం ఒక్క ముక్కలో తేలదు. అమెరికా పిల్లల్లో మద్యం, సిగరెట్లు తగ్గడం 1990ల చివర్లోనే మొదలైంది. అప్పటికి ఐఫోన్ పుట్టలేదు, అది వచ్చింది 2007లో. సిగరెట్లపై పన్నులు, ప్రకటనలపై ఆంక్షలు, దుకాణాల మీద నిఘా, బడుల్లో ప్రచారం ఇవన్నీ పనిచేశాయి. కాబట్టి పిల్లలు బుద్ధిగా మారారంటే గదుల్లో మగ్గడం వల్లే అనడం తప్పు. మంచి చట్టం, ఇంట్లో మంచి మాట కూడా ఫలితం ఇస్తాయి. ఇది మనకు ధైర్యం ఇచ్చే విషయం.

కానీ రెండో మాట కూడా అంతే నిజం. దోస్తులతో కలిసి వెళ్లే చోట్లలోనే పాత తరం పిల్లలు దారి తప్పేవారు, ఆ చోట్లలోనే ఎదిగేవారు కూడా. ఆ చోట్లు మూతపడితే తప్పులు తగ్గుతాయి, ఎదుగుదలా తగ్గుతుంది. పైగా ప్రమాదం పూర్తిగా పోలేదు. దారి మార్చుకుని గదిలోకి వచ్చింది.

గదిలోకి వచ్చిన ప్రమాదం

దీనికి అన్నిటికంటే చేదు ఉదాహరణ అమెరికాలోనే ఉంది. డ్రగ్స్ వాడే టీనేజ్ పిల్లల సంఖ్య తగ్గుతున్న కాలంలోనే, డ్రగ్స్ మోతాదు మించి చనిపోయే పిల్లల సంఖ్య రెండింతలు దాటింది. 14 నుంచి 18 ఏళ్ల వారిలో ఇలాంటి మరణాలు 2019లో 492. 2021లో 1,146. కారణం ఫెంటానిల్ అనే అతి ప్రమాదకర మత్తుమందు కలిపిన నకిలీ మాత్రలు. వాటిని అమ్మేవాళ్లు సోషల్ మీడియా యాప్‌లలోనే పిల్లలను పట్టుకుంటున్నారు. పిల్లవాడు ఏ చెడ్డ గల్లీకీ వెళ్లలేదు. తన మంచం మీదే ఉన్నాడు. పక్కన దోస్తు ఉంటే కనీసం అరిచి ఎవరినైనా పిలిచేవాడు.

మన దేశంలో ముస్లిం కుటుంబాలు మరిచిపోలేని ఉదాహరణ ఇంకొకటి ఉంది. 2022 జనవరి 1న 'బుల్లీ బాయ్' అనే యాప్ బయటపడింది. వందకు పైగా ముస్లిం మహిళల ఫొటోలను వారి అనుమతి లేకుండా పెట్టి 'వేలం' అని అవమానించిన యాప్ అది. అంతకు ముందు 2021లో 'సుల్లీ డీల్స్' పేరుతో ఇదే జరిగింది. మన హైదరాబాద్ మహిళల ఫొటోలు కూడా అందులో ఉన్నాయి. ఆ కేసులో అరెస్టయిన వారిని చూసి దేశం నివ్వెరపోయింది. వారిలో ఒకరు 18 ఏళ్ల అమ్మాయి. మిగతావారిలో ఎక్కువమంది ఇరవై, ఇరవై ఒక్క ఏళ్ల కుర్రవాళ్లు, కొందరు ఇంజనీరింగ్ చదివేవాళ్లు. వారి ఇళ్లలో కూడా "మా పిల్లలు బయట తిరగరు, ఎప్పుడూ కంప్యూటర్ ముందే ఉంటారు" అని అనుకునే ఉంటారు. ఈ కాలపు తెగింపుకు గల్లీ అక్కర్లేదు, దోస్తులూ అక్కర్లేదు. బాధితురాలి కళ్లలోకి చూడాల్సిన అవసరం కూడా లేదు. ఎదురుగా మనిషి ఉంటే నోరు పెగలని మాటలు, తెర వెనుక నుంచి సులువుగా వచ్చేస్తాయి.

ఆన్‌లైన్ జూదం సంగతి చెప్పనే అక్కర్లేదు. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. పేకాట క్లబ్బుకు వెళ్లాలంటే కుర్రవాడు ఒకప్పుడు పది మంది కళ్లు దాటుకుని వెళ్లాలి. ఫోన్‌లో ఆ అడ్డు లేదు. చట్టం కంపెనీలను ఆపగలదు, దొంగ యాప్‌ల కోసం వెతికే వేళ్లను మాత్రం ఇంట్లోవాళ్లే గమనించాలి.

మన ఊళ్లలో ఫోన్ ఎంత దూరం వెళ్లిందంటే, 'అసర్' సంస్థ 2023లో గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 18 ఏళ్ల వారిపై చేసిన సర్వేలో దాదాపు 90 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. ఫోన్ వాడటం వచ్చిన పిల్లల్లో 90 శాతం మంది ఆ వారంలో సోషల్ మీడియా చూశారు. 2024 సర్వేలో 14 నుంచి 16 ఏళ్ల వారిని అడిగితే చదువు కోసం ఫోన్ వాడినవారు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం. ఇవి పల్లెల లెక్కలు. పట్నం సంగతి వేరే చెప్పాలా?

చబూత్రా మీద నుంచి లేపేశాం, మరి ఎక్కడ కూర్చోమన్నాం?

అలాగని మన దగ్గర గల్లీలన్నీ నిశ్శబ్దం అయిపోలేదు. అమెరికాలోలా 1975 నుంచి ఏటా అడిగే సర్వే మనకు లేదు. ఉన్నదల్లా కళ్ల ముందు కనిపించేదే. షబే బరాత్, షబే ఖద్ర్ రాత్రుల్లో ఇబాదత్ చేయాల్సిన పిల్లలు ముగ్గురేసి ఒకే బండి మీద ఎక్కి ఫ్లైఓవర్ల మీద విన్యాసాలు చేయడం, పోలీసులు ఏటా ఫ్లైఓవర్లు మూసేయడం హైదరాబాద్‌లో అందరికీ తెలిసిందే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 50,029 మంది హెల్మెట్ పెట్టుకోనివారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ బండి తోలి నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఇంత కఠినమైన చట్టం ఉన్నా, "దగ్గరే కదా, పాలు తెస్తాడులే" అని తాళం చేతికిచ్చే నాన్నలు మన మధ్యే ఉన్నారు.

గంజాయి కూడా అంతే. మన పట్టణాల్లో అది సమస్యే. సమాచారం ఇవ్వడానికి ఆంధ్రప్రదేశ్‌లో 1972, తెలంగాణలో 1908 నంబర్లు పెట్టారంటే ఊరికే పెట్టలేదు.

ఈ భయంతోనే పాతబస్తీలో పోలీసులు 'ఆపరేషన్ చబూత్రా' మొదలుపెట్టారు. అర్ధరాత్రి దాటాక ఇంటి ముందు చబూత్రాల మీద, హోటళ్ల దగ్గర గుంపులుగా కూర్చున్న కుర్రవాళ్లను స్టేషన్‌కు తీసుకెళ్లి, తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ ఇచ్చే కార్యక్రమం అది. చాలామంది తల్లులు దీన్ని మెచ్చుకున్నారు. పిల్లలను నేరస్తుల్లా చూస్తున్నారని బాధపడినవారూ ఉన్నారు. రెండింట్లోనూ నిజం ఉంది. రాత్రి రెండు గంటలకు పదిహేనేళ్ల పిల్లవాడు రోడ్డు మీద ఉండకూడదు, అది సరే. కానీ ఒక్క ప్రశ్న మిగిలిపోతుంది. సాయంత్రం ఆరు గంటలకు ఆ పిల్లవాడు ఎక్కడ ఉండాలి?

రెండు గదుల ఇంట్లో ఆరుగురు ఉంటారు. బస్తీలో ఆడుకునే గ్రౌండ్ ఫంక్షన్ హాల్ అయింది, ఖాళీ స్థలం పార్కింగ్ అయింది. కోస్తా జిల్లాల్లో అరుగు, హైదరాబాద్‌లో చబూత్రా. పేరేదైనా ముసలివాళ్లు, కుర్రవాళ్లు కలిసి కూర్చునే చోటు అది. ఇప్పుడు కొత్త ఇళ్లకు అరుగులే కట్టడం లేదు. చబూత్రా మీద పెద్దవాళ్లు కూర్చున్నంత కాలం కుర్రవాళ్లు అదుపులో ఉండేవారు. పెద్దవాళ్లు టీవీ ముందుకు వెళ్లిపోయాకే అది కుర్రవాళ్ల అడ్డా అయింది.

భారత ఫుట్‌బాల్ జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణ పతకానికి తీసుకెళ్లిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. ఆటో డ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్ టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడుతూ పెరిగి దేశానికి బౌలింగ్ చేశాడు. మైదానం ఉన్నచోట కుర్రవాళ్ల దుడుకుతనమే ఆటగా మారింది. ఆ వయసులో తెగింపు ఉండటం సహజం. దాన్ని ఎటు మళ్లించాలన్నది పెద్దల పని.

చదువు పేరుతో మూసిన తలుపు

తెలుగు రాష్ట్రాల్లో ఇంకో తలుపు కూడా మూసుకుంది. పదో తరగతి అవగానే రెసిడెన్షియల్ కాలేజీలో పడేస్తాం. ఉదయం ఐదున్నరకు స్టడీ అవర్, రాత్రి పదిన్నరకు స్టడీ అవర్. ఆదివారం టెస్టు. ఆటల పీరియడ్ టైమ్‌టేబుల్‌లోనే ఉండదు. పక్క బెంచీ పిల్లవాడు దోస్తు కాదు, ర్యాంకులో పోటీదారు. రెండేళ్లు ఇలా గడిపిన పిల్లలకు మనుషులతో మాట్లాడటం ఎప్పుడు వస్తుంది?

దీని మూల్యం చిన్నది కాదు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2023లో దేశంలో 13,892 మంది విద్యార్థులు ఆత్మహత్యతో మరణించారు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023 జూలైలో మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని, మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయకూడదని అందులో ఉంది. మీ పిల్లలు చదివే కాలేజీకి వెళ్లినప్పుడు ఫీజు కట్టి వచ్చేయకండి. "కౌన్సెలర్ ఎవరు? ఎక్కడ కూర్చుంటారు?" అని అడగండి. అడిగే హక్కు మీకుంది.

అమ్మాయిల సంగతి ఎవరు ఆలోచించారు?

ఇప్పటిదాకా చెప్పింది ఎక్కువగా మగపిల్లల గురించే. ఎందుకంటే గల్లీ వాళ్లదే. మన ఇళ్లలో అమ్మాయికి పన్నెండు, పదమూడేళ్లు రాగానే బయటి ఆట ఆగిపోతుంది. అసర్ 2023 సర్వేలో ఫోన్ వాడటం వచ్చిన అబ్బాయిల్లో 43.7 శాతం మందికి సొంత ఫోన్ ఉంది, అమ్మాయిల్లో 19.8 శాతానికే ఉంది. అంటే గల్లీ లేదు, సొంత ఫోనూ లేదు. అన్న ఫోన్, అమ్మీ ఫోన్ దొంగచాటుగా చూడాలి. దొంగచాటుగా చూసినప్పుడు ఎవరైనా బెదిరించినా ఇంట్లో చెప్పుకోలేదు. చెబితే ముందు ఫోన్ పోతుంది, తర్వాత చదువు పోతుంది, ఆ తర్వాత పెళ్లి మాటలు మొదలవుతాయి. ఆ భయమే బ్లాక్‌మెయిల్ చేసేవాడికి పెట్టుబడి. ఇలాంటి కష్టం వస్తే సైబర్ క్రైమ్ నంబర్ 1930 ఉందని, "తప్పు నీది కాదు, ముందు నాకు చెప్పు" అని మన కూతుళ్లకు ముందే చెప్పి ఉంచాలి.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌ను చూడండి. బాక్సింగ్ అంటే దెబ్బలు తగిలే ఆట. నిజంగా రిస్క్ ఉన్న ఆట. తానూ క్రీడాకారుడే అయిన తండ్రి ఆమె వెంట నిలబడ్డారు. 2011లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్, 2022, 2023లలో ప్రపంచ ఛాంపియన్. అందరి కూతుళ్లూ బాక్సర్లు కానక్కర్లేదు. కానీ దెబ్బ తగిలినా లేచి నిలబడటం ప్రతి అమ్మాయికీ రావాలి. అది గదిలో కూర్చుంటే రాదు.

మస్జిద్ సహన్‌లో ఎవరున్నారు?

రోజుకు ఐదుసార్లు మనుషులు ఒకచోట కలిసే ఏర్పాటు ప్రపంచంలో ఎన్ని సమాజాలకు ఉంది? ఒంటరితనానికి మందు కోసం అక్కడ కమిషన్లు వేస్తున్నారు. మన దగ్గర ఆ మందు ప్రతి మొహల్లాలో ఉంది. దాన్ని పిల్లలకు అందకుండా పెట్టింది మనమే. సఫ్‌లో చిన్నపిల్లవాడు నవ్వితే కసురుతాం, వెనక్కి నెడతాం. నమాజ్ కాగానే తాళం వేస్తాం. చాలా మస్జిద్‌లలో ఆడవాళ్లకు చోటే లేదు.

దైవప్రవక్త (స) మస్జిద్‌లో హబ్షీలు ఈటెలతో విన్యాసాలు చేశారు, హజ్రత్ ఆయిషా (ర) వాటిని చూశారు. సజ్దాలో ఉండగా మనవడు వీపు మీద ఎక్కితే, వాడు దిగేదాకా ఆయన (స) సజ్దాను పొడిగించారు. ఇరవై ఏళ్లు కూడా నిండని ఉసామా (ర)కు సైన్యాధిపత్యం అప్పగించారు, పెద్ద పెద్ద సహాబాలు ఆ సైన్యంలో ఉండగా. ఆట, ఆదరణ, బాధ్యత ఈ మూడూ ఆ తర్బియత్‌లో ఉన్నాయి. మన మస్జిద్ కమిటీలు ఇందులో ఒక్కటైనా మొదలుపెట్టవచ్చు. అసర్ తర్వాత గంట సేపు సహన్ కుర్రవాళ్లకు ఇవ్వండి. రంజాన్‌లో ఇఫ్తార్ పంపిణీ, జుమా నాడు చెప్పుల దగ్గర, పార్కింగ్ దగ్గర బాధ్యత పదో తరగతి పిల్లలకు అప్పగించండి. ఆదివారం పొద్దున అమ్మాయిల కోసం ఒక హాలు, ఒక ఆపా, ఒక చిన్న లైబ్రరీ. ఖర్చు పెద్దగా కాదు. మనసు రావాలి అంతే.

నిషేధం సరిపోతుందా?

ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు నిషేధించింది. జరిమానా కంపెనీలకే, పిల్లలకో తల్లిదండ్రులకో కాదు. 2026 జనవరిలో ఏపీ ఐటీ మంత్రి నారా లోకేశ్ అలాంటి ఆలోచన తమ ప్రభుత్వానికీ ఉందని చెప్పారు. ఇది మంచి చర్చే. కంపెనీలు బాధ్యత తీసుకోవాల్సిందే. కానీ చట్టం ఒక తలుపు మూయగలదు, రెండో తలుపు తెరవలేదు. ఇన్‌స్టాగ్రామ్ తీసేశాక ఆ మూడు గంటలు పిల్లవాడు ఏం చేస్తాడు? ఆ ప్రశ్నకు జవాబు ఢిల్లీలోనో అమరావతిలోనో లేదు. మన మొహల్లాలో ఉంది.

ఇంట్లో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మీ పిల్లల ముగ్గురు దోస్తుల పేర్లు మీకు తెలుసా? తెలియకపోతే వచ్చే ఆదివారం వాళ్లను భోజనానికి పిలవండి. పదమూడేళ్ల పిల్లవాడిని ఒంటరిగా రేషన్ దుకాణానికి, పోస్టాఫీసుకు, పదహారేళ్లకు బస్సెక్కించి నానీ ఊరికి పంపండి. అమ్మాయిని కూడా ఆమె స్నేహితురాళ్లతో కలిసి లైబ్రరీకి వెళ్లనివ్వండి. దారి తప్పితే అడిగి తెలుసుకుంటారు. చిల్లర పోగొట్టుకుంటే లెక్క నేర్చుకుంటారు. లైసెన్స్ వచ్చేదాకా బండి తాళం మాత్రం ఇవ్వకండి, సైకిల్ కొనివ్వండి. రాత్రి పడుకునేటప్పుడు ఫోన్లన్నీ హాల్లో ఒకచోట పెట్టండి. అబ్బా ఫోన్ కూడా అక్కడే ఉండాలి. మనం వాట్సాప్ చూస్తూ పిల్లవాడికి ఫోన్ వద్దని చెబితే వాడు వినడు. పిల్లలు దిగులుగా, మౌనంగా మారిపోతే "దువా చేయి, తగ్గిపోతుంది" అని వదిలేయకండి. దువా చేయండి, డాక్టర్‌నూ కలవండి. టెలీ మానస్ నంబర్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో, ఉర్దూలో మాట్లాడవచ్చు.

మొదట చెప్పిన ఇద్దరు తల్లుల దగ్గరకు వద్దాం. ఇషా అయ్యాక రెండు గంటలు బయట ఉండే కుర్రవాడి తల్లి, వాడు ఎవరితో ఉన్నాడో, ఎక్కడ ఉన్నాడో కనుక్కోవాలి. వాడికి ఒక టైమ్ పెట్టాలి. రూమ్ దాటని కుర్రవాడి తల్లి కూడా తలుపు తట్టాలి. "బేటా, లే. అబ్బాతో కలిసి మగ్రిబ్‌కు వెళ్లు. వచ్చేటప్పుడు నీ దోస్తును తీసుకురా, ముగ్గురికీ చాయ్ పెడతాను" అనాలి. మొదటిరోజు వాడు విసుక్కోవచ్చు. రెండో రోజు కూడా తట్టాలి.